హుస్సేనమ్మ కూర్చున్నంత మేర

గత ఆదివారం ఉదయం, మఖ కార్తె ముసురు ఇంకా విడవకముందే, హుస్సేనమ్మ కూతురు రమీజా ఫోన్ చేసింది. "టీచరమ్మగారూ, అమ్మ పోయిందండీ. టీ తాగతా తాగతా గోడకి జారగిలబడింది, అంతే" అన్నది. మాట చెవిన పడింది గాని బుద్ధికి అందలేదు. అంతకు రెండు రోజుల ముందే పైట చెంగు బొడ్లో దోపుకొని మా వీధిలో విసవిసా నడిచిపోతున్న మనిషి. గుండె ఆగిపోయిందన్నారు వైద్యులు. అరవై రెండేళ్లపాటు ఎవరు చెప్పినా ఆగని హుస్సేనమ్మను ఆపడానికి మృత్యువు సైతం చెప్పాపెట్టకుండా రావలసి వచ్చింది.

ఆ గంటలోనే పెదకాకాని దాపున ఉన్న మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం కనిపించింది: "లాన్ పనామె చనిపోయింది. వేరే మనిషి ఎవరైనా ఉంటే చెప్పగలరు." దాని కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. తొమ్మిదేళ్లు మన ముంగిళ్లను పచ్చగా నిలిపిన మనిషికి ఆ సందేశంలో పేరు లేదు. అందుకే ఈ వ్యాసం. గుంటూరు కళాశాలలో ముప్పై ఏళ్లు రాజుల ప్రశస్తులకు అర్థతాత్పర్యాలు చెప్పిన నేను, నా ఎరుకలోని ఒక యోగ్యురాలి ప్రశస్తి రాయకపోతే ఆ చదువంతా వ్యర్థం. పనామెకు సంస్మరణ ఏమిటని ముఖం చిట్లించేవారు ఇక్కడితో ఆపేయవచ్చు.

హుస్సేనమ్మ స్వగ్రామం వినుకొండ దగ్గరి ఒక చిన్న పల్లె. మిరప చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ల ముఠాకు ఆమె మేస్త్రి. ఏ మొక్క ఏ వానకు మొలుస్తుందో, దాని వేరు ఎంత లోతుకు దిగుతుందో ఆమె వేళ్లకు కంఠస్థం. చేలల్లోకి కలుపు మందులు వచ్చాక ముఠాకు పని తగ్గింది. భర్త అప్పటికే లేడు. కూతుర్ని వెంటబెట్టుకొని ఇటు వచ్చి, ఇళ్ల ముందు లాన్‌లు చూసే పని పట్టుకున్నది.

ఆమె నాకు పరిచయమైంది నా అజ్ఞానం వల్ల. కొత్తగా వేయించిన లాన్ పచ్చబడాలన్న ఆత్రంతో నడివేసవిలో దోసిళ్లకొద్దీ యూరియా చల్లాను. వారం తిరగకుండా ముంగిలి మాడిపోయింది. ఆమె గేటు బయట నిలబడి లోపలికి చూసి, పిలవకుండానే వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నది.

"ఎవరండీ ఇట్టా కాల్చింది?"

"నేనే."

"రోహిణి ఎండల్లో యూరియానా? జొరమొచ్చిన బిడ్డకి బిర్యానీ పెడతారా మీరు?"

ఎవరూ నాతో అలా మాట్లాడరు. కోపం వచ్చింది. అయినా చెప్పినట్టే చేశాను. తెల్లారగట్ల లోతుగా తడిపాను. కోత ఎత్తు పెంచాను, వేళ్లకు నీడ ఉండాలన్నది. తొలకరి పడ్డాక జల్లించిన పశువుల ఎరువు పలచగా పరిచింది. మంచి వాన కురిసి, ఆకు ఆరాక, పిడికెడు యూరియాను ఇసుకలో కలిపి చల్లి వెంటనే నీళ్లు పట్టించింది. శ్రావణం నాటికి నా ముంగిలి మళ్లీ నవ్వింది. "ఆకలేసినప్పుడే పెట్టాలండీ. మన సంబరం కోసం కాదు" అనేది.

మొదట్లో నేను ఆమెను "ఏమే" అనేదాన్ని. ఒకసారి పని ఆపి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "టీచరమ్మగారూ, నేను మీకన్నా పెద్దదాన్ని. అక్కా అనలేకపోతే పేరు పెట్టి పిలవండి. ఏమే అంటే మాత్రం పలకను" అన్నది. నిజంగానే పలకలేదు. మూడు రోజులు అహంకారంతో గింజుకొని, నాలుగో రోజు అక్కా అన్నాను. ఏమీ జరగనట్టు "ఆ, చెప్పండి" అన్నది.

తుంగ ఆమెకు ఆగర్భశత్రువు. చేతి గునపంతో మట్టిని వదులుచేసి, దాని సన్నని వేరును తెగనీయకుండా లాగుతూ ఒకదాని వెంట ఒకటిగా గడ్డలన్నీ బయటికి తీసేది. "పైన కోస్తే దానికి క్షవరం చేసినట్టేనండీ, ఇంకా అందంగా వస్తది" అనేది. వయ్యారిభామ కలుపు ఒంటికి తగిలితే దురద గనక, దాన్ని మాత్రం పూత రాకముందే, చేతికి గుడ్డ చుట్టుకొని పీకేది.

ఇక నేను చెప్పదలచిన అసలు ఘట్టం రెండేళ్ల కిందటిది.

మా కాలనీ సంఘం కార్యదర్శిగారు, విశ్రాంత ఇంజనీరు, సభలో ఒక ప్రతిపాదన పెట్టారు. ఏడాదికి మూడుసార్లు మందు కొట్టిస్తే కాలనీ పార్కులో కలుపన్నది ఉండదు, హుస్సేనమ్మ అవసరమూ ఉండదు. మందు కొట్టే కోటేశు కూడా వచ్చి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. వీపున పంపు, చేతిలో డబ్బా. హుస్సేనమ్మ తిన్నగా వచ్చి, ఆ డబ్బా తీసుకొని నా చేతిలో పెట్టింది.

"నాకు చదువు రాదు. దీని మీద ఏం రాసుందో గట్టిగా చదవండి, అందరూ వింటారు."

చదివాను. గట్ల మీద, పంట లేని చోట వాడవలసిన మందు అది. గడ్డి జాతిని కూడా చంపుతుంది. పిల్లలను, పశువులను దూరంగా ఉంచాలి. చేతులకు తొడుగులు ఉండాలి.

"తక్కువ మోతాదులో కొడితే లాన్‌కేం కాదు. డీలర్ చెప్పాడు" అన్నారు కార్యదర్శిగారు.

"డీలర్ పిల్లలు ఈ గడ్డి మీద దొర్లుతారా అండీ?"

"నీ పని పోతుందని భయం నీకు."

"నిజమే, పోతది. చేలోనూ ఇట్టాగే పోయింది. అక్కడ నేను ఎదురు చెప్పలా, రైతు కష్టం రైతుది. ఇది చేను కాదు. ఇక్కడ మీకొచ్చిన కష్టమేంది? వంగి నాలుగు మొక్కలు పీకలేకపోవడమేగా!"

సభ నవ్వింది, తీర్మానం మాత్రం నెగ్గింది. వ్యతిరేకంగా చెయ్యెత్తినది నేనొక్కదాన్ని. అంతకు మించి ఏమీ చేయలేదు.

మర్నాడు ఉదయం కోటేశు పంపు తగిలించుకొని వచ్చేసరికి, పార్కు నడుమ గడ్డిలో హుస్సేనమ్మ బాసింపట్టు వేసుకొని కూర్చొని ఉన్నది. లెమ్మన్నారు. లేవలేదు. కాపలావాడిని పంపారు. "నన్ను ముట్టుకోమాక. మందు కొట్టాలంటే నామీద కొట్టండి" అన్నది. ఆ గొంతు మా మేడ మీదికి వినిపించింది. నేను అక్కడే నిలబడి చూశాను. దిగి వెళ్లి ఆమె పక్కన కూర్చోవలసినదాన్ని. కూర్చోలేదు. మెట్లదాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఈ మాట రాయకుండా ఆమె ధైర్యాన్ని పొగిడే హక్కు నాకు లేదు.

కార్యదర్శిగారు పట్టు విడవలేదు. కోటేశు ఆమెకు దూరంగా, చుట్టూ కొట్టుకుంటూ వెళ్లాడు. మధ్యాహ్నానికి ఆమె లేచి, చీర దులుపుకొని వెళ్లిపోయింది. ఆ రోజుతో పనిలోంచి తీసేశారు.

పదిహేను రోజుల్లో పార్కంతా ఎండుగడ్డి రంగుకు తిరిగింది. ఆమె కూర్చున్నంత మేర, ఒక గది వైశాల్యంలో, గడ్డి పచ్చగా నిలిచింది. చుట్టూ చచ్చిన గడ్డిలోంచి తుంగ మళ్లీ తల ఎత్తింది. మందు చాలలేదేమో, యూరియా చల్లితే సరిపోతుందేమో అని ఎన్నో చర్చలు జరిగాయి. ఏదీ పనికిరాలేదు.

చివరికి కార్యదర్శిగారు ఆమె ఇంటికి వెళ్లారు. ఈసారి నేనూ వెంట వెళ్లాను.

"జరిగిందేదో జరిగింది. రా హుస్సేనమ్మా" అన్నారాయన.

"వస్తాను. రెండు మాటలున్నయ్యి. ఆ డబ్బా మళ్లీ మీ గేటు దాటి రాకూడదు. రెండోది, కోటేశుని నాతో పనికి పెట్టాలి."

"వాడినా! ఆ మందు కొట్టింది వాడేగా?"

"కొట్టించింది మీరు. ఆయన చేతులు చూశారా? గోళ్లన్నీ నల్లబడినయ్యి. కడుపు కోసం కొట్టాడు పాపం."

ఆయన రెండింటికీ ఒప్పుకున్నారు. బయటికి వస్తూ నేను తల వంచుకొని, "ఆ రోజు దిగి రాలేకపోయాను అక్కా" అన్నాను. "రేపు దిగండి. ఆ మూల తుంగ చాలా ఉంది" అన్నది. క్షమించానని అనలేదు. గునపం చేతికిచ్చింది.

ఆరుద్ర వానల్లో ఆమె, కోటేశు కలిసి చచ్చిన గడ్డిని చెక్కి తీసేశారు. ఆమె కూర్చున్న చోట నిలిచిన గడ్డిలోంచి తీగలు కోసి, కణుపులు చూసి తుంచి, జానెడు జానెడు దూరంలో నాటారు. హస్త కార్తెకు నేల కప్పుకున్నది. ఈనాడు మా పార్కులో పిల్లలు ఆడుతున్న గడ్డి మొత్తం ఆ గదంత చోటు సంతానమే. ఇది అలంకారం కాదు. తీగలు మోసినవారిలో నేనూ ఉన్నాను.

ఈ తొలకరిలో, ఇళ్లవాళ్లందరికీ ఉపయోగపడేలా ఏ కార్తెలో ఏం చేయాలో చెప్పమని ఆమెను అడిగాను. సాయంత్రాలు కూర్చొని చెప్పింది, రాసుకున్నాను. "తృణసంరక్షణ విధానం" అని శీర్షిక పెట్టి వినిపిస్తే, "నాకే అర్థం కాలా, గడ్డికేం అర్థమవుద్ది? కొట్టేయండి" అన్నది. కొట్టేశాను. రోహిణి మొదలుకొని చిత్త దాకా వచ్చాం. "చలికాలంది వేరే సంగతి. తీరిగ్గా చెప్పాలి" అని లేచింది. ఆ తీరిక ఆమెకు రాలేదు.

మంగళవారం సంతాపసభలో ఆ కాగితాన్ని ఆమె పేరుతో అచ్చువేసి ఇంటింటికీ పంచాలని నిర్ణయించారు. సంతోషించాను. మిగిలిన భాగం ఇంటర్నెట్‌లో చూసి పూర్తి చేద్దామన్నారు ఒకరు. నేను లేచి నిలబడ్డాను. ఆమె పేరు కింద ఆమె అనని మాట ఒక్కటి ఉన్నా ఒప్పుకోనన్నాను. కోటేశుకు తెలిసి ఉంటుందేమోనని అందరూ అతని వైపు చూశారు. "చలికాలం అమ్మ ఏం చేసేదో చూశానండీ. ఎందుకు చేసేదో ఎప్పుడూ అడగలా" అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

ఆ కాగితం కింది సగం ఖాళీగానే అచ్చవుతుంది. వేరే మనిషిని వెతుకుతున్నవారు ఆ సగం కాగితం వైపు ఒకసారి చూడండి. ఇంకో రెండు నెలల్లో స్వాతి వస్తుంది, మంచు దిగుతుంది, గడ్డి ఎదుగుదల మందగిస్తుంది. అప్పుడు ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో మాకు తెలియదు. తెలిసినట్టు నటించం. హుస్సేనమ్మక్కా, నీకు నమస్కారం.