ఏనుగులు దారి ఇచ్చేదాకా

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి వేసవిలో నాకు కెన్యా ప్రయాణం డ్యూటీ పడింది. అప్పటికి నేను కువైట్‌లో, ముబారక్ అల్ కబీర్‌లోని ఒక ఇంట్లో హోమ్ నర్సును. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుకు పైన హెడ్ నర్సు ఉంటుంది. హోమ్ నర్సుకు పక్కన ఎవరూ ఉండరు. నిర్ణయం తనదే, పొరపాటూ తనదే.

నా పేషెంటు డెబ్బై ఎనిమిదేళ్ల షుగరు రోగి. అక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు కనుక, ఇంట్లో పనిచేసేవాళ్లం ఆమెను పెద్ద మామా అనేవాళ్లం. ఏటా చలికాలం ఎడారిలో గుడారాలు వేసుకుని గడిపిన మనిషి. కొడుకు హోటల్ గదులు చూపిస్తే వద్దంది, అడవి అంచున గుడారంలోనే ఉంటానని పట్టుబట్టింది. కొడుకుతో పాటు, ఆమెకు తోడుగా నేనూ, రాయచోటి నుంచి వచ్చి అదే ఇంట్లో పనిచేసే రమణమ్మా వెళ్లాం.

రెండో రోజు ఉదయం, తిండికి ముందు వేసే ఇన్సులిన్ ఇచ్చాను. అది వేశాక పావుగంటలో తినాలి. ప్లేటు వచ్చింది. అంతలో జీపు నడిపే గైడు పరుగున వచ్చి, ఏనుగుల గుంపు నదివైపు కదిలిందని చెప్పాడు. పెద్ద మామా రెండు ముక్కలు నమిలి ప్లేటు తోసేసి, "యల్లా! యల్లా!" అని పదండి పదండంటూ తొందరపెట్టి చేతికర్ర అందుకుంది. దగ్గరే కదా, తిరిగొచ్చి తినిపిద్దామనుకున్నాను. తప్పు అక్కడే జరిగింది.

కొడుకు జీపు ముందు వెళ్లిపోయింది. మేము మలుపు తిరిగేసరికి పొదల్లోంచి ఏనుగులు దారి మీదికి వచ్చేశాయి. వెనక్కి చూస్తే అక్కడా ఉన్నాయి. గైడు ఇంజను ఆపి, కదలవద్దని సైగ చేశాడు. చేయి చాస్తే అందేంత దూరంలో ఒక ఆడ ఏనుగు ఆగింది. దాని ఊపిరి వినిపిస్తోంది.

"అక్కా, కొండలు కదిలొచ్చినట్టుండాయి సూడు!" అని రమణమ్మ గుసగుసలాడింది.

పెద్ద మామా చేయి నా చేతిలో వణుకుతోంది. నుదుటన చెమట. సంతోషమే అనుకున్నాను. నా చేతులూ వణుకుతున్నాయి మరి. రమణమ్మ కూడా అదే అంది: "నాకే గుండె దడదడా కొట్టుకుంటాంది, ముసలామెకు కొట్టుకోదా?"

కానీ పొద్దుటి చలిలో మా ఇద్దరికీ చెమట లేదు. గ్లూకోమీటరు తీశాను. అది కూతపెడుతుంది కనుక శాలువాలో చుట్టి పట్టుకున్నాను. యాభై రెండు. డెబ్బైకి తగ్గితేనే ప్రమాదం.

మామిడి రసం సీసా మూత తీయబోతే గైడు నా మణికట్టు పట్టుకున్నాడు. పండు వాసనకు ఏనుగు తొండం లోపలికి పెడుతుందని చెవిలో చెప్పాడు. సంచిలో గ్లూకోజు పొడి ఉంది, దానికి వాసన లేదు. మింగగలదో లేదో తెలుసుకోవడానికి, ఎన్ని ఏనుగులున్నాయని పెద్ద మామాను అడిగాను. మాట ముద్దగా వచ్చింది గానీ వచ్చింది. పొడిని నీళ్లలో కలిపి గుటక గుటకగా తాగించాను.

పావుగంట ఆగి మళ్లీ చూడాలన్నది నియమం. ఆ పావుగంటలోనే ఒక పిల్ల ఏనుగు తల్లి కాళ్ల సందునుంచి బయటికి వచ్చి, తొండంతో మా జీపు తలుపు తడిమింది. రెండోసారి మీటరు ఎనభై ఎనిమిది చూపింది. పెద్ద మామా కళ్లు మెరిశాయి. పది ఏనుగులున్నాయని నేనంటే కాదంది, చెట్టు వెనకున్నదాన్ని వేలితో చూపించి పదకొండు అంది. నేను చూడనే లేదు. గుంపు నదిలోకి దిగాక, ఇంజను మోగకముందే ఆమెకు సంచిలోని రొట్టె పెట్టాను. గండం గడిచిందని ముగ్గురమూ పగలబడి నవ్వాం.

కువైట్‌కు తిరిగొచ్చి డాక్టరుకు ఏదీ దాచకుండా చెప్పాను. నా తరువాత వచ్చిన నర్సుకు చార్టులో రాసి అప్పగించాను: పేషెంటు తినడానికి కూర్చుని, ఇక లేవదని తేలాకే ఇన్సులిన్. నోటితో చెప్పింది ఇంకొకటుంది. సంబరంతో వణికినా, షుగరు పడిపోయి వణికినా చెయ్యి ఒకేలా వణుకుతుంది. మొహం చూసి తేల్చకూడదు, వేలు పొడిచి చూడాలి.