పెరట్లో నాయిన కాపలా

మా చెల్లెను కాసేపు తన దగ్గర వదిలిపెట్టి పొమ్మని నాయిన అమ్మను అడిగేవాడు. రోజూ అడిగేవాడు. ఆ రోజుల్లో అంతకుమించి ఆయన ఎవరినీ ఏదీ అడగలేదు. అమ్మ విని కూడా విననట్టే చెల్లెను చంకనేసుకుని, మేం ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దామెకు అప్పజెప్పి, గంజ్ బజారు దగ్గరున్న బట్టల షాపులో చీరలకు ఫాల్ కుట్టే పనికి పోయేది. నాయిన మంచం మీద నుంచి వాళ్లు పోవడం చూసి మొహం గోడ దిక్కు తిప్పుకునేవాడు.

అప్పుడు మేం బీదర్‌లో ఉండేవాళ్లం. నాయినది సెంట్రింగ్ పని. జహీరాబాద్ దిక్కున్న మా ఊరి నుంచి ఏదో హాస్టల్ బిల్డింగ్ కట్టడానికి ఇక్కడికొచ్చి, కిరాయి ఇల్లు చూసుకుని ఉండిపోయాడు. ఆ తర్వాత హైదరాబాద్‌కు రెక్కలొచ్చాయి. ఎటు చూసినా బిల్డింగులే లేస్తున్నాయని, పని తెలిసిన వాడికి అక్కడ తీరిక ఉండదని అందరూ అటు పోతుంటే నాయిన కూడా పోయాడు. సోమవారం పొద్దున బస్సెక్కితే శనివారం దిగేవాడు. ఒకసారి శనివారం రాకముందే దిగాడు. తోటి పనివాళ్లు చెరో రెక్క పట్టుకుని దింపారు. ఎండలో స్లాబు మీద నిలబడ్డ మనిషి ఉన్నట్టుండి కూలబడిపోయాడట. లక్వా కొట్టిందన్నారు. ఎడమ పక్క మొత్తం పోయింది. మాట కూడా సగం పోయింది. ఇంకా నలభై నిండని మనిషి.

మా ఇంటి ఆడవాళ్లకు ఏడుపు రావాల్సిన చోట కోపం వస్తుంది. అమ్మకు వచ్చింది. ఎవరి మీద అని అడిగితే ఏం చెప్పేదో! పొయ్యి మీద, నీళ్ల మోటారు మీద, నా జడల మీద చూపించేది. ఆ కోపమే నాకూ వచ్చింది కాబట్టి ఇప్పుడు ఆమె నాకు బాగా అర్థమవుతుంది. ఇదంతా రాస్తుంటే కూడా పళ్లు కొరుకుతూనే రాస్తున్నాను.

కోళ్లు అమ్మవి. నాయిన బలానికి గుడ్లు పెట్టమన్నారని ఊరి నుంచి ఒక ఎర్రపెట్టను తెచ్చి పొదగేసింది. పిల్లలు లేచాయి. మా పెరటి గోడ బీదర్ ఎర్రరాయి గోడ. ఆ రాయి నిండా బొక్కలే, రాయికీ రాయికీ నడుమ సందులే. గోడవతల సీతాఫలం పొదలు, సర్కారు తుమ్మలు దట్టంగా ఉండేవి. ఆ జాగా హైదరాబాద్ వాళ్లెవరో కొన్నారని, ప్లాట్లు చేస్తారని జేసీబీ వచ్చింది. పొదలన్నీ పెకిలించి నేల నున్నగా చేసి తెల్లసున్నం రాళ్లు పాతారు. ఆ పొదల్లో కాపురమున్న ముంగిసలు ఎక్కడికి పోతాయి? మా గోడ సందుల్లోకి వచ్చాయి. పొద్దున లేవగానే ముంగిస కనబడితే శుభమంటారు. మాకు రోజూ కనబడేది. ఏం శుభం జరిగిందో నాకైతే ఇప్పటికీ తెలియదు.

ఒక ఆదివారం అమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతుంటే నాయినను గడప దగ్గర కూర్చోబెట్టాం. ఆయన ఎదుటే, చేతికందే దూరంలోనే, ముంగిస గోడలోంచి జారి వచ్చి ఒక పిల్లను నోట కరుచుకుని పోయింది. నాయిన చూశాడు. నోరు తెరిచాడు. అరుపు రాలేదు. అమ్మ వెనక్కి తిరిగేసరికి తల్లికోడి ఈకలు లేపుకుని గింగిరాలు తిరుగుతోంది.

ఆ పూట అన్నం ముందు నాయిన మళ్లీ అదే మాట అన్నాడు. "పిల్లను... నా దగ్గర... ఉంచి పో."

అమ్మ చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. "కండ్ల ముంగటి కోడిపిల్లను కాపాడలేనోనివి, ఆడపిల్లను కాపాడ్తవా? ముందు గా కోడిపిల్లల్ని బతికియ్యి, మల్ల చూద్దాం" అంది.

నోరు జారింది. ఆమె మొహం చూస్తేనే తెలిసిపోయింది. కానీ జారిన మాటను వెనక్కి తీసుకోవడం మా అమ్మకు రాదు. లేచి పోయి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది, తోమిన గిన్నెలనే మళ్లీ.

నాయిన ఆ మాటను కోపంగా తీసుకోలేదు, షరతుగా తీసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మంచం పెరట్లో వెయ్యమన్నాడు. నులక మంచం, దాని మీద గొంగడి, కుడి చేతి పక్కన పొడుగాటి వెదురుకట్టె, పొట్ట మీద ఖాళీ నూనె డబ్బా. హుష్ అని అరవడానికి నోరు రాదు కాబట్టి కట్టెతో డబ్బాను వాయించేవాడు. గద్ద నీడ నేల మీద పారితే డబ్బా. పిల్లి గోడెక్కితే డబ్బా. గ్యాస్ బండ తెచ్చినాయన పొరపాటున పెరటి తలుపు తీస్తే ఆయనకు కూడా డబ్బా. ఖాలా గోడవతల నుంచి "మస్జిద్‌లో అజాన్ అయినా ఆగుతది గానీ మీ నాయిన డబ్బా ఆగదు బేటా" అని నవ్వేది. చాలా రోజుల తర్వాత నాయిన కూడా నవ్వాడు. ఆ నవ్వు ఒక పక్కకే పోయేది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కోడిపిల్లల వీపుల మీద గులాబీ రంగు పూయడం మా దిక్కు అలవాటు. గద్ద బెదురుతుందని కొందరంటారు, పక్కింటి పిల్లల్లో కలిసిపోకుండా గుర్తు కోసమని కొందరంటారు. హోలీకి మిగిలిన రంగును నీళ్లలో కలిపి అమ్మ ఒక్కోదాన్నీ పట్టుకుంటే, నాయిన కుడి చేత్తో గుడ్డ ముంచి వీపుల మీద అద్దాడు. ఎంత జాగ్రత్తగా అద్దాడో! స్లాబు పోసేవాడి చెయ్యి అది, అంత మెత్తన ఉంటుందని నాకు తెలియదు.

కాపలా కాస్తే మాత్రం ముంగిస ఊరుకుంటుందా? దానికి పనీ పాటా లేదు, పొద్దంతా మా గోడలోనే. నాయిన కునుకు తీసేదాకా కూర్చునేది. నీళ్లకని నన్ను పిలిచిన రెండు క్షణాల్లో వచ్చేది. అప్పుడొకటి ఇప్పుడొకటి పిల్లలు పోతూనే ఉన్నాయి. పోయిన పూట నాయిన అన్నం ముట్టకపోతాడేమోనని అమ్మకు భయం. అందుకని ఆమె ఒక పని చేసేది. పక్కనున్న చిమ్కోడ్ ఊరి నుంచి గంపలో కోళ్లు తెచ్చి అంగడిలో అమ్మే ఒక ముసలామె ఉండేది. ఆమె దగ్గర అదే ఈడు పిల్లను కొని, పైటలో దాచి తెచ్చి, వంటింట్లో రంగు పూసి, ఆరినాక మిగతా వాటిలో వదిలేది. "నాయినకు చెప్పినవో, చూడు" అని నాకు కళ్లతోనే బెదిరింపు.

తమాషా ఏమిటంటే, అట్లా లెక్క సరిచేస్తున్నది తనే కాబట్టి అమ్మకు ఆ లెక్క మీద నమ్మకం లేదు. పిల్లలన్నీ ఉన్నాయని నాయిన ముందు మెచ్చుకునేది. చెల్లెను మాత్రం చంకనేసుకుని ఖాలా ఇంటికే నడిచేది. నాయిన కూడా, షరతు నెరవేర్చిన మనిషి అడగాలి కదా, ఆ రోజుల్లో అడగడం మానేశాడు. ఎందుకు మానేశాడో నాకు అర్థం కాలేదు.

ఒక శనివారం స్కూలు ఒంటిపూటే. ఇంటికొచ్చేసరికి గోడవతల జేసీబీ మోత చెవులు పగిలేట్టు ఉంది. పెరట్లోకి పోయాను. మంచం ఖాళీ. గొంగడి నేల మీద కుప్పగా పడి ఉంది. ఎర్రపెట్ట ఈకలు, నడుమ నెత్తుటి చుక్కలు, గోడ దాకా. నాయిన చచ్చిపోయాడనుకున్నాను. అబద్ధమెందుకు, అదే అనుకున్నాను.

గొంగడి లోపల నుంచి కిచకిచమని చప్పుడు వచ్చింది.

నాయిన ఆ గొంగడి కిందే బోర్లా పడి ఉన్నాడు. తల ఒక్కటే బయటికి ఉంది. నీళ్ల తొట్టి పక్కన ముంగిస వెనక కాళ్ల మీద నిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. నన్ను చూసి బెదరను కూడా బెదరలేదు, దిక్కుమాలినది. పుస్తకాల సంచి ఎత్తి దాని మీదికి విసిరాను. అప్పుడు కదిలి గోడలోకి పోయింది.

జరిగింది తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. ముంగిస ఈసారి తల్లికోడినే పట్టింది. పిల్లలు బెదిరి మంచం కిందికి ఉరికాయి. నాయిన డబ్బా వాయించాడు, కానీ జేసీబీ మోతలో ఖాలాకు వినబడలేదు. కోడిని గోడలో పెట్టి ముంగిస పిల్లల కోసం మళ్లీ వచ్చింది. పిలవడానికి గొంతు లేదు, లేవడానికి కాలు లేదు. నాయిన మంచం మీద నుంచి దొర్లి కింద పడ్డాడు. పడి, గొంగడి లాక్కుని, ఆ పిల్లల మీద తన ఒళ్లు అడ్డం పెట్టి కప్పేశాడు. అప్పటి నుంచి కదల్లేదు. ఒంటికీ రెంటికీ కూడా కదల్లేదు. లుంగీ తడిసిపోయి ఉంది, వాసన వస్తోంది.

నేను గొంగడి తీయబోతే "తియ్యకు... అమ్మ... రానీ" అన్నాడు.

గోడ దగ్గరికి పోయి ఖాలాను పిలిచాను. ఆమె చెల్లెను ఎత్తుకుని వచ్చి నాయిన తల దగ్గర కూర్చుని ఓణీ కొంగుతో విసురుతుంటే, నేను గంజ్ దాకా ఉరికాను. అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా నా వెనకే వచ్చింది.

అమ్మ గొంగడి ఎత్తింది. గులాబీ వీపులు ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చాయి. నాయిన వాటినే చూస్తూ, ఒక్కో మాటా కూడబలుక్కుని అన్నాడు: "ఇయ్యాల... అంగడికి... పోకు. అన్నీ... ఉన్నయ్."

అమ్మ నిలబడ్డది నిలబడ్డట్టే ఉండిపోయింది. నాయినకు అన్నీ తెలుసన్న మాట! తెలియకుండా ఎట్లా ఉంటుంది? కొత్త పిల్లను తల్లికోడి దగ్గరికి రానీయదు, నెత్తి మీద పొడిచి తరుముతుంది. పొద్దంతా వాటినే చూసే మనిషికి ఆ మాత్రం కనబడదా? హోలీ పోయిన ఎన్నాళ్లకో కూడా అమ్మ వేళ్లకు గులాబీ రంగు కనబడుతూనే ఉండేది. చెల్లెను ఉంచి పొమ్మని అడగడం ఎందుకు మానేశాడో అప్పుడు తెలిసింది.

ఖాలా, అమ్మ కలిసి ఆయనను లేపారు. ఎడమ కాలిని అమ్మ రెండు చేతులతో ఎత్తి పక్కకు పెట్టింది. దాని కింద ఒక పిల్ల ఉంది. అణిగిపోయి ఉంది. అమ్మ చటుక్కున పిడికిట్లోకి తీసుకుంది. నాయిన చూడలేదు. ఖాలా చూడలేదు. నేను చూశాను. దాచెయ్యమ్మా, ఇన్నాళ్లూ దాచినట్టే ఇది కూడా దాచెయ్యి అని లోపల మొత్తుకున్నాను.

నాయినకు స్నానం చేయించింది. ఉతికిన లుంగీ కట్టింది. మంచం మీద దిండుకు ఆనించి కూర్చోబెట్టి చాయ్ తాగించింది. ఖాలా ఇంటికి పోయింది. పిల్లలను గంప కింద మూశాను. అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు అమ్మ వంటింట్లోకి పోయి వచ్చి, నాయిన ఎదుట అరచెయ్యి తెరిచింది.

"నీ ఎడమ కాలు కింద దొరికింది" అంది. "ముంగిస పట్టలే. నీ కాలే వడ్డది. నీకు తెల్వలే."

అమ్మ మీద నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఏం మనిషి ఈమె, కాసేపు సంతోషపడనియ్యదా అనుకున్నాను. ఆ చెయ్యి పట్టుకుని కొరికేద్దామనిపించింది.

నాయిన ఆ పిల్లను కుడి చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో దాని మెడ నిమిరాడు. ఆయన ఎడమ కన్ను ఎప్పుడూ కారుతూనే ఉండేది, ఆ పూట కుడి కన్ను కూడా కారింది. అన్నాడు: "పిల్లను... నాకు... ఇయ్యకు."

"ఇస్త" అంది అమ్మ. అని మంచం పట్టె మీద కూర్చుంది. ఆయన మంచాన పడ్డప్పటి నుంచి ఆమె ఆయన పక్కన అట్లా కూర్చోవడం నేను చూడలేదు. "ఇన్నొద్దులు నువ్వు నాకు దాసినవ్, నేను నీకు దాసిన. గందుకే భయమైంది. ఇప్పుడు ఏ దిక్కు సోయి లేదో నీకే ఎరుకైంది. ఇగ నాకు భయం లేదు. పిల్లను కుడి దిక్కు కూసోవెట్టుకో. గంతే."

నాయిన తల ఊపాడు.

సోమవారం పొద్దున అమ్మ మంచాన్ని ఇంట్లోకి జరిపించి, ఎడమ పక్కను గోడకు ఆనించింది. చెల్లెను తెచ్చి కుడి పక్కన కూర్చోబెట్టింది. నాయిన దాని గౌను అంచును వేలికి చుట్టుకుని పిడికిలి బిగించాడు. అమ్మ చూసింది, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది, గడప దాటింది. వీధిలో ఖాలా తన గుమ్మంలో నిలబడి ఎదురు చూస్తోంది. ఉత్త చేతులతో వస్తున్న అమ్మను చూసి, పిల్లను తేలేదేమని కంగారుగా అడిగింది.

"బచ్చీ కో నై లాయే ఆజ్?"

"బాప్ కే పాస్ హై, ఖాలా" అంది అమ్మ. నడక ఆపకుండా, వెనక్కి చూడకుండా.