అమెరికా పార్టీల కొట్లాటల నా మీసం

ముందుగాల ఒక మాట చెప్త, అటెన్క నా మూతి చూసి ఎంతసేపన్న నవ్వుకోండ్రి. మా బాపు బతికే ఉన్నడు! మంచిగున్నడు. ఇందాకనే ఫోన్ల నన్ను తిట్టిండు గూడ. ఇగ ఎవ్వరు నన్ను ఓదార్చకుండ్రి, చాయ్ తాగుండ్రి.

మొన్న గురువారం దుబాయ్‌ల మా క్యాంప్ మెస్‌ల టీవీ నడుస్తున్నది. ఎక్కడ్నో టెర్రరిస్టులు బాంబు పేల్చిన్రట, ఇప్పుడు అమెరికా ఏం జేస్తది అని హిందీ న్యూస్‌ల ఒకటే లొల్లి. మా రూంల సత్తెన్న ఉన్నడు గద, రాజమండ్రి దిక్కు ఎలక్ట్రీషియన్, ఆయనకు అమెరికా రాజకీయం ఉంటే అన్నం గూడ వద్దు. అక్కడ రెండు పార్టీలు. ఒకదాని గుర్తు ఏనుగు, ఇంకోదానిది గాడిద. సత్తెన్నది గాడిద పార్టీ, నాది ఏనుగు పార్టీ. గాడిద గుర్తుకు జై కొడితే ఏం ఇజ్జత్ ఉంటది చెప్పుండ్రి?

"ఇంట్ల సొచ్చి కొట్టాలె అన్నా! మా ఏనుగోళ్ళు ఆగరు" అన్న.

"కొట్టిన చోటల్లా ఏళ్ళకేళ్ళు ఇరుక్కుపోయారు కదయ్యా గంగాధరూ! నాలుగు దేశాలోళ్ళని కూర్చోబెట్టి మాట్లాడుకోవాలి గానీ" అన్నడు సత్తెన్న. "అయినా వాళ్ళు బాంబులేస్తే ఇక్కడ మన ఫ్లైట్లు ఆగుతాయి. నీ లీవు గోవిందా!"

"మాటలతోటి టెర్రరిస్టు ఇంటడా?"

"బాంబులతో విన్నాడా?"

పప్పు సల్లగైంది. మెస్ రెండు ముక్కలైంది. నాకు రోషం పొడుచుకొచ్చింది. మీసం మెలేసి, "మా పార్టీల ఒక్కడంటే ఒక్కడు కొట్టొద్దు అన్నా సరే, ఈ మీసం తీసేస్త!" అన్న అందరి ముంగట.

తెల్లారి శుక్రవారం, సెలవు. టీవీ పెడితే ఏముంది! మా ఏనుగు పార్టీ పెద్దమనిషే బల్ల గుద్ది చెప్తున్నడు, పరాయి దేశాల కొట్లాట మనకెందుకు, మన పిల్లల్ని ఇంటికి తోలుకరండ్రి అని. ఆ ఎన్కనే గాడిద పార్టీ మేడం ఒకామె వచ్చి, కొట్టాల్సిందే అన్నది. సత్తెన్న మొఖం సుత మాడింది.

"మరి నీ మీసం?" అన్న.

"నాకు మీసం ఎప్పుడుందయ్యా?" అన్నడు.

సరిగ్గ చూసిన. నిజంగనే లేదు! ఇన్నొద్దులు పక్క మంచంలనే పండుకుంటున్న గని, పందెం కట్టేటప్పుడు ఆ సంగతే మతికి రాలే.

మాటంటే మాట. ఇండస్ట్రియల్ ఏరియాల సెలూన్‌కు పోయిన. మన ఊర్లైతే కత్తి పట్టక ముందే "అయ్యో, బాపు ఉన్నడు గద?" అని అడిగెటోళ్ళు. మా దిక్కు తండ్రి బతికుండంగ మీసం తియ్యరు. తీసిండంటే తండ్రి పోయినట్టే లెక్క. ఆ సెలూన్ల బంగ్లాదేశ్ తమ్మునికి అదంత ఏమెరుక? బర్రున గీసి "ఖలాస్ భాయ్" అన్నడు. నేనన్న యాది చేసుకోవాలె గద! రోషంల ఉన్న.

ఇగ చూడుండ్రి. ఆ పొద్దుగాలనే కరీంనగర్ల బాపుకు కిడ్నీల రాయి తీసిన్రు. తమ్ముడు దవాఖానల దగ్గరున్నడు. ఎట్లున్నదో అడుగుదామని ఇంటికాడ నా భార్య స్వరూపకు వీడియో కాల్ చేసిన. ఎత్తింది. నవ్వుకుంటనే ఎత్తింది. నా మూతి చూసింది.

"మామా...!" అని మా బాపును తలుసుకుంట ఒక్క కేక! ఫోన్ కింద వడ్డది. నాకు ఫ్యాన్ కనవడుతున్నది, ఏడుపు ఇనవడుతున్నది.

అయిపాయె, బాపు పోయిండు, తమ్ముడు నాకు చెప్పలేక దీనికి చెప్పిండు అనుకున్న. "బాపూ!" అని నేను గూడ మొదలువెట్టిన. నా ఏడుపు ఇని అది ఇంక గట్టిగ, దాని ఏడుపు ఇని నేను ఇంక గట్టిగ. "దుబాయ్ కెల్లి ఫోనొచ్చిందట, పెద్దాయన పోయిండట" అని వాడకట్టోళ్ళు అనుకునుడు నా చెవులకు ఇనవడుతనే ఉన్నది. సత్తెన్న నన్ను పట్టుకున్నడు. మలయాళీ ఫోర్‌మన్ ఉరికొచ్చి, "ఎమర్జెన్సీ లీవ్, యల్లా, జల్ది బ్యాగ్ సర్దు" అన్నడు. ఆపరేషన్‌కు ముందు బాపుతోని రెండు మాటలు మాట్లాడకపోతి, అమెరికా లొల్లిల వడితి అని తల కొట్టుకున్న.

గప్పుడు స్వరూప ఎక్కెక్కి ఏడ్చుకుంట ఫోన్ తీసి, "ఎప్పుడు పోయిండు? నీకెవలు చెప్పిన్రు?" అన్నది.

"నాకెవలు చెప్పలే. నువ్వే గద చెప్పినవ్!"

"నేనేడ చెప్పిన? నీ మూతే చెప్పింది!"

ఎంటనే తమ్మునికి ఫోన్ కొట్టిన. ఎత్తింది బాపే! "ఏందిరా, జావ గూడ తాగనియ్యవా?" అన్నడు.

ఏడ్చుకుంట నవ్విన. ఆ గొంతు ఇన్నంక పోయిన పానం తిరిగొచ్చింది. ఫోర్‌మన్ "ఆద్మీ జిందా హై?" అని లీవు క్యాన్సిల్ చేసిండు. చెయ్యనియ్యి!

ఇందాక బాపుకు మొత్తం కథ చెప్పిన. స్పీకర్ ఆన్‌ల ఉన్నది. బాపు అంత ఇని, "దుబాయ్‌ల ఉండి అమెరికా పంచాది నీకెందుకురా? అటు ఇటు ఏం తెల్సుకోకుండనే నా మీద బాంబు ఏస్తివి. గాడిద కొడుక... కాదు, నేనెందుకైత, గాడిదవు నువ్వేరా!" అన్నడు.

పక్క మంచం మీదికెల్లి సత్తెన్న లేచి కూసున్నడు. "విన్నావా గంగాధరూ? మీ నాన్నగారు నిన్ను మా పార్టీలో చేర్చేశారు!"