మడతలో పేపరు

ఆ కాలనీలో మీది ఏ పార్టీ అని ఎవరినీ అడగరు. అది మర్యాద కాదు. ఏ పేపరు వేయించుకుంటున్నారని అడుగుతారు. గంట గుర్తు పార్టీకి ఒక పేపరుంది, గొడుగు గుర్తు పార్టీకి ఇంకొకటుంది. పొద్దున్నే గేటుకి ఏది కనబడితే ఆ ఇంటివాళ్ళు ఆ పార్టీ, అంతే. కాలనీలో మూడొంతులు గంట. మిగిలిన ఒక వంతునీ కుళాయి దగ్గర కూడా పలకరించే దిక్కుండదు.

ఈ సంగతి అందరికంటే బాగా ఎరిగిన మనిషి పేపరక్క. నూటపన్నెండు ఇళ్ళకి పేపర్లు వేసేది ఆవిడే. సైకిలు వెనక కట్టలు, ముందు బుట్ట, ముఖాన ఎప్పుడూ ఒక నవ్వు. ఆ నవ్వు చూసి మంచి మనిషి అనుకునేవాళ్ళు. మంచిదే, కాదనను. కానీ ఆ నవ్వు కింద పదకొండేళ్ళ పగ ఉంది. ఎక్కడ మరిచిపోతానోనని రోజూ పళ్ళు తోముకుంటూ ఒకసారి గుర్తు చేసుకునేది.

పదకొండేళ్ళ కిందట ఆవిడా, లెక్కల మాస్టారైన ఆవిడ భర్తా మూడో వీధిలో రెండు గదుల వాటా అద్దెకి తీసుకున్నారు. మాస్టారు ముందుగదిలో నల్లబల్ల బిగించి ట్యూషను మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి ఇరవైముగ్గురు పిల్లలు చేరారు. వాళ్ళ చెప్పులు గుమ్మం దాటి వీధిలోకి వచ్చేవి. అప్పుడు వచ్చాడు కాలనీ సంఘం కార్యదర్శి. కొత్తగా దిగినవాళ్ళని పలకరించడం ఆయన బాధ్యతట. కుర్చీలో కూర్చున్నాడు, మంచినీళ్ళు తాగాడు, బల్ల మీది లెక్కని మెచ్చుకున్నాడు. లేవబోతూ, “అన్నట్టు, మీరు ఏ పేపరు వేయించుకుంటారమ్మా?” అన్నాడు.

“గొడుగు వాళ్ళదండీ. అందులో పజిలంటే మా ఆయనకి ప్రాణం,” అంది ఆవిడ, ఉన్నదున్నట్టు.

పజిలు కోసం పేపరు కొనే మనుషులుంటారంటే నమ్మే కాలనీ కాదది. వారంలో పదిమంది పిల్లలు మానేశారు. పదిహేనో రోజుకి నల్లబల్ల ముందు మాస్టారొక్కడే మిగిలాడు. ఒక పిల్లాడి తల్లి మాత్రం వచ్చి, “మాకేం లేదు వదినా, కార్యదర్శిగారే పంపొద్దన్నారు,” అని గొంతు తగ్గించి చెప్పిపోయింది. మాస్టారు ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఊరి చివర గోదాములో గేటు కాపలాకి కుదిరాడు. ఆయన తిట్టివుంటే, కనీసం ఏడ్చివుంటే, ఆవిడ కడుపుమంట కొంత చల్లారేదేమో. ఆయన ఊరుకున్నాడు. దాంతో ఆయన వాటా కోపం కూడా ఆవిడే మోయాల్సి వచ్చింది.

“పోనీ, ఇల్లు మారదామా?” అన్నాడొకసారి.

“చచ్చినా మారను. ఆ మనిషి తల దించుకోవడం నా కళ్ళతో చూశాకే ఈ కాలనీ వదిలేది!”

ఐదేళ్ళు గడిచాక, పాత ఏజెంటు మోకాళ్ళ నొప్పులతో పేపర్ల లైను వదిలేశాడు. ఆవిడ వెళ్ళి తీసుకుంది. మొదటి నెలలోనే కాలనీ అసలు రంగు తెలిసింది. “గేటుకి గంట పేపరు పెట్టు. గొడుగుది దాని మడతలో పెట్టు, కనబడకుండా,” అని ముప్పైఆరు ఇళ్ళవాళ్ళు ఆవిడ చెవిలో చెప్పారు. అందులో ప్రతివాడూ తానొక్కడే అలా తెప్పించుకుంటున్నానని అనుకున్నాడు. ఆ ముప్పైఆరు మందిలో సాక్షాత్తూ కార్యదర్శిగారు కూడా ఉన్నారు! మునిసిపాలిటీకి నిలబెడతామన్న గంట వాళ్ళు చివరి నిమిషంలో ఆయనకి మొండిచెయ్యి చూపించారు. అప్పటినుంచి నోరు గంట కొడుతున్నా, మనసు గొడుగు కిందికి చేరింది.

ఆ రోజే బయటపెట్టొచ్చు. పెట్టలేదు. పేపరమ్మాయి పొరపాటున వేసిందని దులిపేసుకుంటాడని ఆవిడకి తెలుసు. తప్పించుకోవడానికి సందు లేని రోజు రావాలి. అందాకా ఆయన తనని నమ్మాలి. అందుకని, “కొత్తగా దిగినవాళ్ళు ఏ పేపరు చెప్పారమ్మా?” అని ఆయన గేటు దగ్గర ఆపి అడిగినప్పుడల్లా చెప్పేది. ఆరేళ్ళుగా చెబుతూనే ఉంది. ఆ మాటతో ఎవరి ఇంటితో మాటామంతీ ఆగిపోయాయో, ఎవరు సామాను సర్దుకుని వెళ్ళిపోయారో పట్టించుకోలేదు. కళ్ళముందు ఆయనొక్కడే ఉండేవాడు.

ఈ ఏడు రెండో వీధిలోకి ఒక దర్జీ పిల్ల దిగింది. ఇరవైఆరేళ్ళు, కుట్టుమిషను, బస్సు కండక్టరు మొగుడు. దిగిన రోజే, “అక్కా, ఇక్కడి మనుషులు ఎలాంటివాళ్ళు?” అని అడిగింది.

“అలవాటైపోతారులే,” అంది పేపరక్క. అంతకుమించి చెప్పలేదు. చెప్పాల్సింది.

ఆ పిల్ల గొడుగు పేపరు చెప్పింది. స్కూలు యూనిఫారాలు కుప్పలుగా వచ్చాయి. కార్యదర్శి అడిగాడు, పేపరక్క అలవాటు ప్రకారం చెప్పేసింది. పది రోజుల తరవాత ఆ పిల్ల గుమ్మంలో కళ్ళు తుడుచుకుంటూ కనబడింది.

“కత్తిరించిన గుడ్డ కూడా పట్టుకుపోయారక్కా! కత్తిరించాక ఎవరైనా తీసుకెళ్తారా?”

పేపరక్కకి ఒళ్ళు మండిపోయింది. తను చేసిన పని ఆ మంటలో కనబడనేలేదు. “ఆదివారం దాకా ఓర్చుకో. నీదీ నాదీ కలిపి తీరుస్తా,” అంది.

ఆదివారం సంఘం ఎన్నిక. కార్యదర్శి మళ్ళీ ఏకగ్రీవమే. పొద్దున్నే ఆయన గేటు ముందు యాభైమంది చేరారు. గంట పార్టీ జిల్లా నాయకుడు కూడా కారు దిగి ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పేపరక్క కావాలనే ఆలస్యంగా వచ్చింది. గంట పేపరొక్కటే మేడమీదికి విసిరి, రెండోది సంచిలోనే ఉంచుకుని గేటు పక్కన నిలబడింది. కార్యదర్శి భార్య నోట్లో నువ్వుగింజ నానదని ఆవిడకి తెలుసు.

పేపరు విప్పిన చప్పుడు వినబడింది. వెంటనే మేడమీది నుంచి ఆ మహాతల్లి కేక.

“ఏమ్మా పేపరక్కా! మడతలో గొడుగు పేపరు పెట్టలేదేం? అది చదవందే మీ సారు కాఫీ ముట్టరని తెలీదూ?”

యాభై తలలు పైకి లేచి, మళ్ళీ కిందికి దిగి, కార్యదర్శి మీద ఆగాయి. ఆయన ముఖాన నెత్తురుచుక్క లేదు. “అదీ... వాళ్ళేం రాస్తున్నారో చూద్దామని, ఎప్పుడో ఒకసారి...” అన్నాడు.

“క్షమించండి అమ్మగారూ,” అంది పేపరక్క, గొంతు బాగా పెంచి. “ఆరేళ్ళలో ఒక్కరోజూ తప్పలేదు. ఇవాళే మరిచిపోయాను.”

జిల్లా నాయకుడు భుజం మీది చెయ్యి తీసేసి కారెక్కాడు. అందరికంటే గట్టిగా అరిచింది ఉపకార్యదర్శి. “నమ్మకద్రోహం! ఇన్నాళ్ళూ మనింట్లోనే ఉండి!” ఆయనింటి మడతలోనూ రోజూ గొడుగు పేపరే. పేపరక్క ఆయన వంక చూసి నవ్వింది. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు.

ఆవిడ సంచిలోంచి పేపరు తీసి కార్యదర్శి చేతిలో పెట్టింది. “ఏ పేపరు వేయించుకుంటారని నన్ను అడిగారు కదా సార్. నేను నిజం చెప్పాను. ఆ ఒక్క మాటకి మా ఆయన బతుకు తీసుకుపోయి గోదాము గేటుకి కట్టేశారు. ఇప్పుడు మీరు చెప్పండి, మీది ఏ పేపరు?”

ఆయన తల దించుకున్నాడు. ఆవిడ కదలకుండా, తనివితీరా చూసింది. పదకొండేళ్ళ దాహం మరి.

సాయంత్రానికి ఉపకార్యదర్శి కార్యదర్శి అయ్యాడు. పాతాయన గేటు ముందుకి ఎవరూ రావడం లేదు. పేపరక్క రోజూ రెండు పేపర్లూ విడివిడిగా, బజారుకంతా కనబడేలా ఆ గేటుకి తగిలించి మరీ వెళ్ళేది.

వారం తరవాత దర్జీ పిల్లకి ఈ కథంతా తన నోటితో చెప్పాలని సరదాపడి, లైను మధ్యలో ఆగింది. ఆ పిల్ల మిషను ముందు ఉత్తచేతులతో కూర్చుని అంతా వింది. నవ్వలేదు.

“ఆయన దిగిపోయినా నాకు గుడ్డ ఎవరూ ఇవ్వలేదక్కా. ఒక్కటి అడుగుతాను. ఆయన మా గడప తొక్కలేదు. మీరు పేపరు మా తలుపు సందులోంచి లోపలికి వేస్తారు, వీధిలోకి కనబడదు. మరి మాది ఏ పేపరో ఆయనకి ఎవరు చెప్పారు?”

అబద్ధం చెప్పడానికి పేపరక్క నోరు తెరిచింది. మెడ దానంతటదే వంగింది.

“నేనే,” అంది. “ఆయన నన్ను నమ్మాలని చెప్పాను. లేకపోతే నా పగ తీరేది కాదు.”

దర్జీ పిల్ల మిషను ముందు నుంచి లేచి గుమ్మం దాకా వచ్చింది. అరవలేదు, ఏడవలేదు.

“మీరు పదకొండేళ్ళు ఆగారు కదక్కా,” అంది. “నాకు ఇరవైఆరే. నేనూ ఆగగలను.”

తలుపు వేసుకుంది. పేపరక్క సైకిలు స్టాండు తీసింది. ఇంకా నలభై ఇళ్ళు మిగిలివున్నాయి.