వేపాకు మీద వేసిన నింద

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బిడ్డ నిద్రపోయాక మీకు రాస్తున్నాను. నా పేరు మాత్రం అడక్కండి.

క్యాంపస్ లేడీస్ హాస్టల్లో మొటిమలకు నా లేపం అంటే పేరు. వేపాకును నీడన ఆరబెట్టి, దంచి, పల్చటి గుడ్డలో జల్లించి, ముల్తానీ మట్టి, చిటికెడు కస్తూరి పసుపు కలిపేదాన్ని. ఎండలో పెడితే ఆకు రంగు పోతుంది. నీడన ఆరేదాకా ఆగే ఓపిక నాకుండేది. సీనియర్లు కూడా గిన్నెలు పట్టుకుని నా గది ముందు నిలబడేవాళ్లు. ఆ గర్వం గురించి ఇప్పటికీ సిగ్గుపడను. నా చేతి పని మంచిది.

కానీ నెమ్మది. నా రూమ్మేట్ కరుణకు అంత టైం లేదు. క్రిస్మస్‌కు తార్నాక చర్చిలో తొలిసారి ఒక్కతే పాడాలి. బుగ్గల నిండా మొటిమలు. జుట్టు ముందుకు వేసుకుని పాడతానంది. మూడు వారాలు లేపం వేసినా తగ్గలేదు. "నీ లేపం ఫెయిలేనే," అని నవ్వింది. ఆ నవ్వు గుచ్చుకుంది. మా పిన్ని దురదకు వాడే తెల్ల క్రీము ట్యూబు మందుల షాపులో కొని, చెప్పకుండా ఆమె లేపం డబ్బాలో కలిపాను. ఆమె కోసమా, నా పేరు కోసమా? నా పేరు కోసమే.

పది రోజుల్లో మొహం తేటపడింది. జుట్టు వెనక్కి ముడేసుకుని పాడింది. నేను మూడో వరుసలో కూర్చుని, పాట వినకుండా ఆ బుగ్గలనే చూశాను.

సెలవులకు గుంటూరులో వాళ్లింటికి వెళ్తూ ఆ డబ్బా మర్చిపోయింది. తిరిగొచ్చేసరికి మొహమంతా కందిపోయి, ముందుకన్నా ఎక్కువ మొటిమలు.

"నిజం చెప్పవే. అందులో ఇంకేమన్నా కలిపావా?"

"ఏంది గట్ల అడుగుతవ్? ఆకులే గదా. నువ్వు చూస్తుండంగనే దంచిన."

"అయితే నా ఒళ్లే వెధవ ఒళ్లు," అంది. నన్ను ఒక్క మాట అనలేదు.

హెల్త్ సెంటర్లో డాక్టరమ్మ ఏం రాశావని అడిగితే వేపాకు, పసుపు అని చెప్పింది. వేప నీకు పడదు, ఇక ముట్టుకోకు అంది డాక్టరమ్మ. కరుణ తలూపింది. పక్కనే నిలబడి ఉన్న నేను, ఒక్క ట్యూబు పేరు చెబితే సరిపోయేదానికి, నోరెందుకు తెరవలేదు? నెలలు పట్టింది ఆ ఎర్రదనం పోవడానికి. నేను హాస్టల్లో ఉన్నన్నాళ్లూ ఆమె మళ్లీ ముందు నిలబడి పాడలేదు.

మొన్న బిడ్డ బుగ్గ మీద పొక్కులొస్తే, అదే ట్యూబు రాయొచ్చా అని భయంభయంగా పిల్లల డాక్టర్ని అడిగాను. "మొహానికా? వద్దమ్మా. అది స్టెరాయిడ్. మానేయగానే తిరగబడుతుంది." కరుణ మొహం పాడైంది ఆ క్రీము వల్లేనన్నది ఉత్త అనుమానమే అని ఇన్నేళ్లు నన్ను నేను సముదాయించుకున్నాను. ఇక ఆ వీలు లేదు.

ఇవాళ ఇంటర్ చదివే మా ఆడపడుచు అద్దం పట్టుకుని వచ్చింది. "వదినా, ఈ మొటిమలు వారంల పోవాలె."

"నెలలు పడుతది. ఓపిక ఉంటేనే కూసో."

మూతి ముడిచింది గానీ కూర్చుంది. ముందే నీడన ఆరబెట్టి ఉంచిన ఆకు, మట్టి, పసుపు. ఇంకేమీ కలపలేదు. హాస్టల్లో కూడా ఇంత గర్వంగా దంచలేదు.

కరుణ ఎక్కడుందో తెలుసు. ఉత్తరం రాస్తానో లేదో తెలియదు. ఇప్పటికి చెప్పగలిగింది ఇంతే: వేపాకు తప్పేం లేదు. ఆమె ఒంటి తప్పూ లేదు. కలిపింది నేను.