టైర్ల షాపు పక్కన టాకోల బండి

బాతెల్ అనే ఊళ్లో నేను పనిచేసే ల్యాబ్‌లో సాయంత్రం షిఫ్టు పదకొండున్నరకి ముగుస్తుంది. మందులు తయారయ్యే చోటు కాబట్టి లోపలికి తిండి తీసుకువెళ్లకూడదు. బ్రేక్‌రూమ్‌కి రావాలంటే ఒంటిమీది గౌను, టోపీ, రెండు జతల గ్లవ్స్ విప్పి, మళ్లీ అన్నీ తొడుక్కోవాలి. ఆ బాధ పడలేక నేను చాలా రోజులు మధ్యలో ఏమీ తినేదాన్ని కాదు. బయటికొచ్చేసరికి కళ్లు తిరిగేవి. ఆ వేళకి తెరిచి ఉండేవి పెట్రోలు పోసే గ్యాస్ స్టేషన్లు మాత్రమే. ఇంత డబ్బున్న ఊళ్లు, అద్దాల ఆఫీసులు, వాటిని రాత్రిళ్లు నడిపించే వందలమంది మనుషులు. వాళ్లు ఏం తింటారో ఎవరికీ పట్టలేదు.

ఒకరాత్రి ఇంటికి వెళ్తుంటే, మా టౌన్‌హౌస్‌లకి రెండు వీధుల ఇవతల, మూసి ఉన్న టైర్ల షాపు ఆవరణలో రంగు దీపాలు కనిపించాయి. ఒక తెల్ల ట్రక్కు, దాని ముందు పదిహేనుమంది. ఆఫీసులు శుభ్రం చేసేవాళ్లు, ఆస్పత్రి యూనిఫాంలో ఇద్దరు నర్సులు, రోడ్డు పని ముగించుకుని వచ్చినవాళ్లు. కారు ఆపాను.

కిటికీలో యాభై దాటిన ఒకావిడ ఆర్డర్లు రాసుకుంటోంది. వెనక పెనం దగ్గర ఆవిడ భర్త. ఇద్దరూ స్పానిష్‌లో మాట్లాడుకుంటున్నారు. ఆరోజు శనివారం, నేను మాంసం ముట్టను. నాకొచ్చిన పది స్పానిష్ మాటల్లో రెండు వాడి "నో కార్నె" అన్నాను.

"చికెన్?" అంది.

"నో."

"ఫిష్?"

"నో."

నా మొహం చూసి ఏమనుకుందో, వెనక్కి తిరిగి భర్తతో ఏదో చెప్పింది. ఆయన పెనం మీద ఒక మూల గీకి, నీళ్లు చల్లి, తుడిచి, మళ్లీ గీకాడు. నేను అడగలేదు. అడిగే ధైర్యం కూడా నాకు లేదు. మొక్కజొన్న పిండి ముద్దలు నొక్కి, చిన్న రొట్టెలు కాల్చి, వాటిమీద బీన్సు, మాడేదాకా కాల్చిన పచ్చిమిరపకాయ, నాగజెముడు ముక్కలు వేసి ఇచ్చాడు. కంచెలకి తప్ప పనికిరాదనుకున్న నాగజెముడు! పైన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం. ఆకుపచ్చ సాల్సా నాలిక్కి తగలగానే రోటి పచ్చడి తిన్నట్టు చెవులు వేడెక్కాయి. కారు బానెట్‌కి ఆనుకుని, ముక్కు తుడుచుకుంటూ మూడు తిన్నాను. మొత్తం కలిపి మా ల్యాబ్ క్యాంపస్ కెఫేలో ఒక కాఫీ ఖరీదంతే అయింది.

ఆ తరవాత ఏడాదిపాటు వారానికి మూడుసార్లు అక్కడే తిన్నాను. ఆవిడ నన్ను "మీహా" అని పిలిచేది. అంటే మన "అమ్మాయీ" లాంటిది. నేను క్యూలో నిలబడగానే నాకు వేరే డబ్బాలో ఉల్లిపాయలు ఎక్కువ తీసి పెట్టేది. బండి కిటికీ పక్కన హెల్త్ డిపార్ట్‌మెంట్ పర్మిట్ అతికించి ఉండేది. అర్ధరాత్రి దాటాక ఆయన చీపురు పట్టుకుని ఆవరణంతా ఊడ్చేవాడు. తమ చెత్తే కాదు, టైర్ల షాపువాళ్లు వదిలేసిన చెత్త కూడా.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా టౌన్‌హౌస్‌ల అసోసియేషన్ మీటింగ్‌లో ఆ బండిని "న్యూసెన్స్" అన్నారు.

మా టౌన్‌హౌస్‌లలో సగానికి పైగా మనవాళ్లే. కమిటీకి పెద్ద ఒక అంకుల్, పెద్ద కంపెనీలో మేనేజర్. ఎప్పుడూ గొంతు పెంచడు. ఆరోజు కూడా పెంచలేదు.

"చూడమ్మా, నాకు వాళ్లమీద పర్సనల్‌గా ఏం లేదు. కానీ ఆ స్మోక్, ఆ స్మెల్, రాత్రిపూట ఆ క్రౌడ్. మన కిడ్స్ ఉన్నారు. ఇళ్ల రీసేల్ వాల్యూ కూడా చూసుకోవాలి కదా. అందుకే సిటీ ఆఫీసుకి కంప్లయింట్ పెట్టాం" అన్నాడు.

"ఆ క్రౌడ్‌లో నేను కూడా ఉన్నాను అంకుల్."

"నువ్వు వేరమ్మా."

"ఎలా వేరు?"

ఆయన చిన్నగా నవ్వాడు. పక్కనున్న ఆంటీ అందుకుంది. "నీకేం తెలుసమ్మా, ఆ నూనె వాసనంతా మా బాల్కనీలోకే వస్తది."

ఆ ఆంటీయే ఒకసారి మా ఇంట్లో కూర్చుని, పాత అపార్ట్‌మెంట్‌లో తన పోపు వాసన పడక పక్కవాళ్లు మేనేజర్‌కి చెబితే, ఆయన తలుపుకి నోటీసు అంటించిన సంగతి చెప్పింది. చెబుతూ కళ్లు తుడుచుకుంది. అదే గుర్తు చేశాను.

"అది వేరు" అంది ఆవిడ కూడా.

నాకు ఒళ్లు మండిపోయింది. "అక్కడ ఒక్కసారైనా తిన్నవాళ్లు చేతులెత్తండి" అన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు. అప్పుడు అంకుల్ తన ల్యాప్‌టాప్‌ని మెల్లగా నావైపు తిప్పాడు. కంప్లయింట్ కింద సంతకాల వరస. "మీ ఇంటినుంచి కూడా సైన్ ఉంది కదమ్మా" అన్నాడు.

ఉంది. నా భర్తది.

ఇంటికెళ్లి బూట్లు కూడా విప్పకుండా అడిగాను. సోఫాలోంచి లేచి నిలబడ్డాడు.

"వాట్సాప్‌లో లింక్ వచ్చింది, క్లిక్ చేశాను. పార్కింగ్ గురించేమో అనుకున్నా."

"చదవలేదా?"

"మీటింగ్‌లో ఉన్నాను... అందరూ చేశారు కదా అని."

"ఆఫీసులో చదవకుండా ఎక్కడైనా సైన్ చేస్తావా నువ్వు? ఇంట్లో నేను వండలేని రోజులన్నీ నాకు అన్నం పెట్టినవాళ్లు వాళ్లు!"

ఆ రాత్రే సంతకం వెనక్కి తీసుకుంటున్నానని సిటీకి ఈమెయిల్ రాశాడు. నేనూ ఒక పెద్ద ఉత్తరం రాశాను. సిటీ నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చి బండి కాగితాలన్నీ చూసి, అంతా సరిగ్గా ఉందని వెళ్లిపోయాడట. అయినా తరవాతి వారం నేను వెళ్లేసరికి ఆవరణ చీకటిగా ఉంది. పొద్దున్నే టైర్ల షాపు యజమానిని అడిగాను.

"వాళ్లు మంచివాళ్లే. కానీ మీ కాలనీ నుంచి ఉత్తరాలు ఆగట్లేదు. రేపు నా దుకాణం మీద పడితే? నేనే వెళ్లిపొమ్మన్నాను" అన్నాడు. అరగంట దూరంలో ఒక కార్‌వాష్ పక్కన పెట్టుకున్నారని మాత్రం చెప్పాడు.

అంటే తప్పేమీ లేదని తేలాక కూడా వాళ్లే వెళ్లిపోయారు. నాకు ఇదే మింగుడు పడదు. చట్టం వాళ్లవైపే ఉంది, శుభ్రం ఉంది, రుచి ఉంది. మావైపు ఉన్నది ఖాళీ సమయం, మంచి ఇంగ్లీషు.

నెల తిరక్కుండానే అంకుల్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. ఎయిర్‌పోర్ట్ నుంచి చుట్టాలని తీసుకొస్తున్నాడట, పది దాటాక దగ్గర్లో తినడానికి ఏమైనా దొరుకుతుందా అని. "ఉండేది అంకుల్. మీరే తీయించేశారు" అని రాశాను. అందరూ చూశారు. కాసేపటికి ఎవరో గులాబీల బొమ్మతో గుడ్ నైట్ పెట్టారు.

ఆ ఆదివారం నా భర్తని కార్‌వాష్ దగ్గరికి తీసుకెళ్లాను. దారంతా ఏం చెప్పాలో లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాడు. కిటికీ దగ్గర నిలబడి, ఆ కంప్లయింట్ మీద నేనూ సైన్ చేశాను, చదవకుండా చేశాను, సారీ అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడకి కొంతే అర్థమైనట్టుంది. ఆవిడ భర్త వెనకనుంచి మిగతాది స్పానిష్‌లో చెప్పాడు.

ఆవిడ రాస్తున్న పెన్ను ఆపి, "వై యూ నో రీడ్?" అని అడిగింది.

మామూలుగానే అడిగింది. రెండు వారాలు బండి తిరగలేదని, పాత గిరాకీలో సగం ఇంతదూరం రావట్లేదని ఆవిడ భర్త చెప్పాడు. తరవాత ఆవిడ మా ఆర్డర్ రాసుకుంది. తిండి ఎప్పటిలాగే ఉంది. నన్ను మాత్రం ఆ రాత్రి "మీహా" అని పిలవలేదు. ఆ తరవాత రెండుసార్లు వెళ్లినప్పుడు కూడా పిలవలేదు.

వెనక్కి వస్తుంటే నా భర్త, "ఇంత బాగుంటుందని నాకు తెలీదు" అన్నాడు.

"బాగోకపోతే మాత్రం తీయించొచ్చా?" అన్నాను.

కమిటీ ఎన్నికల్లో అంకుల్ మీద నిలబడ్డాను. ఓడిపోయాను. ఆంటీ మెట్లమీద ఆపి, తన ఓటు నాకే వేశానని, ఎవరికీ చెప్పొద్దని గొంతు తగ్గించి చెప్పింది. థాంక్స్ చెప్పాలనిపించలేదు. నావైపున్నానన్న ఆ మాట మీటింగ్‌లో పైకి అనుంటే ఎంత బాగుండేది! టైర్ల షాపు ఆవరణకి ఇప్పుడు సాయంత్రం ఆరింటికే గొలుసు వేస్తున్నారు. షిఫ్టు నుంచి వస్తూ ఆ మలుపులో రోజూ కారు నెమ్మదిస్తాను, రోజూ కోపం వస్తుంది.