బంద్ రోజు పడిన రిలీజ్

2011లో, తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్నప్పుడు, నన్ను హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెలివరీ మేనేజరుగా వేశారు. టీములోకి రాజకీయాలు రానివ్వొద్దని పైవాళ్లు మరీ మరీ చెప్పారు. ఐడీ కార్డు లేదని అవి గేటు దగ్గరే ఆగిపోతాయా? కోస్తావాళ్లు ఒక బల్ల దగ్గర, తెలంగాణవాళ్లు ఇంకో బల్ల దగ్గర భోంచేసేవారు. ఉద్యమం ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు. పైవాళ్లు దాన్ని క్రమశిక్షణ అన్నారు. నాకు మాత్రం ఆ నిశ్శబ్దం నచ్చలేదు.

ఆ ఏడాది మా పెద్ద రిలీజ్, అంటే కొత్త ప్రోగ్రాములను క్లయింటు వాడే సిస్టంలోకి ఎక్కించడం, సరిగ్గా ఉద్యమకారులు పిలిచిన బంద్ రోజున పడింది. నడిపించాల్సింది లత. హైదరాబాదు బోరబండలో పెరిగిన తెలంగాణ అమ్మాయి, పనిమంతురాలు. ఇదొక్కటి గట్టెక్కిస్తే టీమ్ లీడ్ ప్రమోషన్ వచ్చినట్టే. బంద్ వస్తే అవసరమైనవాళ్లను ముందురోజే ఆఫీసు గెస్ట్‌హౌస్‌కి చేర్చడం మా పద్ధతి. ఎవరుండాలో చెప్పేది ఆమె పైన ఉండే మాడ్యూల్ లీడ్ ప్రసాద్. భీమవరం మనిషి, నెమ్మదస్తుడు. ఆమెను తప్పించి, రిలీజ్ తానే నడిపిస్తానని క్లయింటుకు చెప్పేశాడు.

లత నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బంద్ నాదే సార్, రిలీజ్ గూడ నాదే. వస్తవా రావా అని నన్నొక్క మాట అడిగితే ఏమైతుండె?"

ప్రసాద్‌ను పిలిచాను. లత వాళ్ల అన్నయ్య ఉద్యమంలో తిరుగుతున్నాడని, బంద్ రోజు పనికొస్తే బస్తీలో మాట పడాల్సి వస్తుందని, ఆ ఇబ్బంది తప్పిద్దామనుకున్నానని చెప్పాడు. అడిగితే రాజకీయం మాట్లాడినట్టవుతుందని అడగలేదట. అతని మాటలో కల్లాకపటం లేదు. అందుకే కోప్పడటానికి నోరు రాలేదు.

క్లయింటుతో మాట్లాడాను. ఈ దశలో మనిషిని మళ్లీ మార్చేది లేదన్నారు. ప్రసాద్ నడిపించాడు, బాగానే నడిపించాడు. ప్రమోషన్ కమిటీలో లత కోసం గట్టిగా వాదించాను. రిలీజ్ నడిపిన అనుభవం ఏదీ అని అడిగారు. ఆ ఏడాది ఆమెకు ప్రమోషన్ రాలేదు. కొన్నాళ్లకే వేరే ప్రాజెక్టుకు బదిలీ అడిగి వెళ్లిపోయింది. టీము ఒక మంచి ఇంజనీరును పోగొట్టుకుంది.

తర్వాతి బంద్‌కు ఒక్కొక్కరినీ నేనే విడిగా పిలిచి అడిగాను. వరంగల్‌వాళ్లిద్దరూ ఉంటామన్నారు. ఉండలేనన్నది ప్రసాద్. ప్రగతి నగర్‌లో భార్య ఒక్కతే ఉంటుందని, బంద్ అంటే భయపడుతోందని చెప్పాడు. పోయినసారీ ఇదే పరిస్థితట. అప్పుడెందుకు చెప్పలేదన్నాను.

"నన్నూ ఎవరూ అడగలేదండి," అన్నాడు.

మేనేజరు పనిలో మొదటిది అడగడం. అది నేర్చుకునేసరికి లత మా టీములో లేదు.